పసిపిల్లల నడవడిపై టీవీ ప్రభావం: గాజువాక తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సభ తీర్మానం

విశాఖపట్నంలోని గాజువాక, కూర్మన్నపాలెం, ఉక్కునగరం, వడ్లపూడి, మల్కాపురం, శ్రీహరిపురం, గోపాలపట్నం, ఫిషింగ్ హార్బర్ ప్రాంతాల తల్లిదండ్రులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు, ఉక్కు కర్మాగారంలోనూ రేవులోనూ పనిచేసే కార్మికుల కుటుంబాలవారు సమావేశమై, ఎనిమిదేళ్ళలోపు పిల్లల నడవడి మీద టీవీ ప్రసారాల ప్రభావం గురించి చర్చించిన మీదట ఈ కింది తీర్మానాన్ని ఆమోదించారు.

సభ గమనించిన విషయాలు

ఈ విషయం మీద చర్చ ఎప్పుడు వచ్చినా కార్టూన్ల దగ్గర మొదలై కార్టూన్ల దగ్గరే ఆగిపోతుంది. కానీ సభ్యుల అనుభవంలో మన పసిపిల్లలు ఎక్కువగా చూస్తున్నది పెద్దల కోసం తయారైన టీవీ. సాయంత్రం ఏడు నుంచి రాత్రి పది దాకా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టీవీలో నడిచేది సీరియల్, వార్తలు, నేరాల మీద కథనాలు, సినిమా, డాన్స్ పోటీ. పసివాళ్ళు అన్నం తినేదీ, హోంవర్క్ చేసేదీ, నిద్రలోకి జారుకునేదీ ఆ తెర ముందే. ఈ సంగతిని పక్కన పెట్టి ఎంత మాట్లాడినా ప్రయోజనం లేదని సభ భావిస్తున్నది.

ఈ పట్నం బతుకుతెరువుకీ టీవీకీ ఉన్న సంబంధాన్ని సభ ప్రత్యేకంగా నమోదు చేస్తున్నది. ఉక్కు కర్మాగారం ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌కీ కోక్ ఓవెన్లకీ ఆదివారం లేదు, పండగ లేదు. పొద్దున్న ఆరుకి ఎక్కే ‘ఏ’ షిఫ్ట్ మధ్యాహ్నం రెండింటికి దిగుతుంది. రెండింటికి ఎక్కేది రాత్రి పదికి దిగుతుంది. రాత్రి పదికి ఎక్కే సీ షిఫ్ట్ తెల్లారి ఆరుకి గానీ దిగదు. రేవులో ఓడ బెర్తుకి వచ్చిందంటే రాత్రీ పగలూ తేడా ఉండదు. హార్బర్ నుంచి వేటకి వెళ్ళిన మరబోట్లు రోజుల తరబడి తిరిగిరావు. సీ షిఫ్ట్ దిగివచ్చిన మనిషి పగటిపూట పడుకోవాలి, లేకపోతే మర్నాడు కర్మాగారంలో ప్రాణం మీదికొస్తుంది. కాంట్రాక్ట్ కార్మికుల ఒంటిగది అద్దె ఇళ్ళల్లో ఆ నిద్రకీ పిల్లల ఆటకీ మధ్య గోడ కూడా ఉండదు. నాలుగేళ్ళ పిల్లవాడు పరుగెత్తకుండా, అరవకుండా, నాన్న నిద్ర చెడగొట్టకుండా ఉండాలంటే ఆ తల్లి చేతిలో ఉన్న ఉపాయం ఒకటే. సౌండ్ తగ్గించి టీవీ పెట్టి, పిల్లవాణ్ణి దాని ముందు కూర్చోబెడుతుంది.

ఆ తల్లిని తప్పుపట్టే ఏ మాటకీ ఈ సభ అంగీకరించదు. పిల్లల నడవడిలో ఏ తేడా వచ్చినా ‘పెంపకం’ అనే ఒక్క మాటతో తల్లి మీదికి తోసేయడం అలవాటైపోయింది. పనివేళలు నిర్ణయించేవారు, ఇళ్ళు కట్టేవారు, కార్యక్రమాలు తయారుచేసేవారు, ప్రకటనలు ఇచ్చేవారు, చట్టాన్ని అమలు చేయాల్సినవారు ఇందరుండగా, రెండు గంటలు పిల్లవాణ్ణి ఊరుకోబెట్టుకోవాల్సి వచ్చిన ఇల్లాలు ఒక్కతే జవాబుదారీ కావడం అన్యాయమని సభ స్పష్టం చేస్తున్నది.

అంగన్‌వాడీ కార్యకర్తలు తాము కేంద్రాల్లో చూస్తున్నవి సభకు చెప్పారు. పిల్లలు అమ్మా నాన్నా ఆట ఆడుకుంటే అందులో సాధించే అత్త ఉంటుంది, ఏడ్చే కోడలు ఉంటుంది, పాలలో ఏదో కలిపే ఇంకొకామె కూడా ఉంటుంది. మూడేళ్ళ పిల్ల తోటిపిల్ల చెయ్యి మెలిపెట్టి ‘నీ అంతు చూస్తా’ అంటుంది. ఆ మాటకి అర్థం తెలియదు గానీ పళ్ళు కొరుకుతూ పలికే తీరు మాత్రం అచ్చుగుద్దినట్టు వచ్చింది. బొమ్మని గుడ్డతో కట్టేసి ‘పోలీసులకి చెప్పావంటే చంపేస్తా’ అని బెదిరించిన పిల్లవాడి సంగతి ఒకరు చెప్పారు. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరని, అది ఎక్కడి నుంచి వచ్చిందో తల్లికీ తెలుసని ఆవిడ అన్నారు. ఒకటో తరగతి టీచర్లు చెప్పినది వేరు. పిల్లలు కొట్టుకోవడం కన్నా కథ వినలేకపోవడం తమని ఎక్కువ కలవరపెడుతోందన్నారు. కథలో రాజు అడవికి బయల్దేరేలోపే సగం మంది చూపు తలుపువైపు తిరుగుతుందట. మల్కాపురం నుంచి వచ్చిన ఒక తల్లి, ‘మా గుంటడు టీవీ ఎయ్యకపోతే ముద్ద ముట్టడండి. కట్టేస్తే తల గోడకేసి కొట్టుకుంటాడు’ అని చెప్పింది. ఆమె వెనక కూర్చున్న చాలామంది తల్లులు తలలూపారు.

ఒక తండ్రి ఇందుకు భిన్నమైన మాట చెప్పాడు. తన కూతురు టీవీలో చూసి చేతులు కడుక్కునే పద్ధతి నేర్చుకుందని, తాతయ్యతో సహా ఇంటిల్లిపాదికీ అదే నేర్పిందని అన్నాడు. సభ ఈ మాటని కూడా తన పరిశీలనలో చేర్చుకుంది. మంచి నేర్పగలిగిన తెరకే చెడు నేర్పే శక్తీ ఉంటుంది. ఒకదాన్ని ఒప్పుకుని రెండోదాన్ని కాదనడం కుదరదు.

2020 మే నెలలో ఈ పట్నం పిల్లలు చూసినది మరే ఊరి పిల్లలూ చూడకూడదు. ఆ నెల 7న తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి, ప్రభుత్వ లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు, వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. అవి లాక్‌డౌన్ రోజులు. బడులు మూసి ఉన్నాయి, పిల్లలందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు. నడుస్తూ నడుస్తూ రోడ్డు మీద కుప్పకూలిన మనుషులు, స్పృహతప్పిన పిల్లల్ని భుజాన వేసుకుని పరుగెత్తే పెద్దలు, పడిపోయిన పశువులు. ఆ దృశ్యాలు రోజంతా, ఆ తర్వాత రోజుల్లోనూ తెరమీద తిరిగి తిరిగి వచ్చాయి. పెద్దలకి అది ఒకసారి జరిగిన ఘోరం. అది నిన్నటి దృశ్యమని తెలియని నాలుగేళ్ళ పిల్లకి, తెరమీద కనిపించిన ప్రతిసారీ ఇంకో మనిషి పడిపోతున్నట్టే. చాలాకాలం పాటు ఘాటువాసన తగిలితే పిల్లలు ఉలిక్కిపడి ఏడ్చేవారని గోపాలపట్నం వైపు నుంచి వచ్చిన తల్లిదండ్రులు చెప్పారు. 1995లో అమెరికాలోని ఓక్లహామా నగరంలో జరిగిన బాంబు పేలుడు తర్వాత బడిపిల్లలపై జరిపిన అధ్యయనాల్లో, అయినవాళ్ళెవరినీ పోగొట్టుకోని పిల్లల్లో కూడా ఆ కథనాలు టీవీలో ఎక్కువగా చూసినవారిలో భయలక్షణాలు ఎక్కువగా కనిపించాయి. వార్తలు చెప్పడం అవసరమే. ఒకే దృశ్యాన్ని పగలంతా తిప్పి తిప్పి చూపించడం ఏ అవసరమూ తీర్చదు.

ఉక్కునగరం పిల్లలది మరో రకం భయం. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ ఉక్కు కర్మాగారంలో వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఆమోదం తెలిపిన నాటి నుంచి, ప్లాంట్ ఏమవుతుందన్న వాదోపవాదాలు ఇక్కడి ఇళ్ళల్లో భోజనాల వేళ టీవీలో మోగుతూ వచ్చాయి. పెద్దలు వాటిని వినక తప్పదు, అది వాళ్ళ బతుకు. అయితే ‘ప్లాంట్ అమ్మేస్తే నాన్న కూడా వాళ్ళకే వెళ్ళిపోతాడా’ అని ఒక పాప తల్లిని అడిగిందన్న సంగతి విన్నాక, తెరమీద పెద్ద గొంతుతో జరిగే వాదన పసి మనసులో ఏ రూపం తీసుకుంటుందో సభకు అర్థమైంది.

శాస్త్రం ఏం చెబుతున్నదన్న దాన్ని సభ పరిశీలించింది. 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నర్సరీ బడిలో ఆల్బర్ట్ బండూరా 72 మంది పసిపిల్లలతో ఒక ప్రయోగం చేశాడు. పెద్దమనిషి ఒకరు గాలి నింపిన పెద్ద బొమ్మని తన్ని, సుత్తితో కొట్టి, తిట్టడం చూసిన పిల్లలు, తర్వాత ఆ బొమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు అవే దెబ్బలు కొట్టారు, అవే మాటలు అన్నారు. 1963లో అదే దృశ్యాన్ని ఫిల్ము మీద చూపించినా ఫలితం మారలేదు. మన సీరియళ్ళకీ నేరకథనాలకీ సూటిగా వర్తించేది మాత్రం 1965లో ప్రచురించిన మూడో ప్రయోగం. అందులో బొమ్మని కొట్టిన మనిషికి చివర శిక్ష పడటం కొందరు పిల్లలకి చూపించారు. వాళ్ళు తక్కువగా అనుకరించారు. అక్కడితో ఆగితే, ‘విలన్‌కి ఆఖర్న శిక్ష పడుతుంది కదా, పిల్లలకి మంచే తెలుస్తుంది’ అనే వాదన గెలిచినట్టే ఉంటుంది. కానీ ఆ తర్వాత, చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తామని చెప్పగానే శిక్ష చూసిన పిల్లలు కూడా మిగతావారితో సమానంగా చేసి చూపించారు. అంటే శిక్ష చూపిస్తే పిల్లవాడు ఆ పని నేర్చుకోకుండా ఉండడు. నేర్చుకుని లోపల దాచుకుంటాడు. పైగా నెలల తరబడి సాగే సీరియల్‌లో కుట్ర రోజూ ఉంటుంది, శిక్ష ఆఖరి వారంలో గానీ రాదు. నాలుగేళ్ళ పిల్ల ఆ మొదటికీ చివరికీ ముడి వేసుకోలేదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కొండల మధ్య ఉన్న ఒక చిన్న పట్నానికి 1973 దాకా టీవీ అందలేదు. టీవీ రాకముందూ, వచ్చిన రెండేళ్ళకీ అక్కడి బడిపిల్లలు ఆటస్థలంలో ఎలా మెలుగుతున్నారో టానిస్ విలియమ్స్ బృందం గమనించింది. ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ కొట్టుకోవడం, దురుసు మాటలు పెరిగాయి. ఇందుకు ఎదురు నిలిచే ఉదాహరణను సభ దాచదలచుకోలేదు. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని సెయింట్ హెలీనా దీవికి 1995లో టీవీ వచ్చింది. టోనీ చార్ల్‌టన్ బృందం ఏళ్ళ తరబడి చూసినా అక్కడి పసిపిల్లల నడవడి చెడలేదు. ఆ దీవిలో అందరికీ అందరూ తెలుసు, ఏ పిల్లవాడు ఏం చేస్తున్నా చూసే పెద్దల కళ్ళుంటాయి, అదే కారణం కావచ్చునని పరిశోధకులు అభిప్రాయపడ్డారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు సభకు దారి కనిపించింది. టీవీ ఉండటం లేకపోవడం కన్నా, పిల్లవాడు దాని ముందు ఒంటరిగా ఉన్నాడా, పక్కన పెద్దవాళ్ళున్నారా అన్నది ముఖ్యం. మన కాలనీల్లో, వాడల్లో, పేటల్లో అలాంటి పెద్దలు ఇంకా ఉన్నారు. ఆ బలాన్ని మనం వాడుకోవడం లేదు.

చూసినా చూడకపోయినా పొద్దస్తమానం టీవీ నడుస్తూ ఉండటం గురించి కూడా సభ చర్చించింది. 2008లో అమెరికాలో ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలు బొమ్మలతో ఆడుకుంటుండగా వెనక పెద్దల కార్యక్రమం ఒకటి నడిపి చూశారు. పిల్లలు తెరవైపు చూసింది చాలా కొద్దిసేపే, అయినా వాళ్ళ ఆట ముక్కలు ముక్కలైంది, ఒక బొమ్మ మీద మనసు నిలిపే సమయం తగ్గింది. 2011లో ఏంజెలీన్ లిల్లార్డ్ చేసిన ప్రయోగంలో వేగంగా మారిపోయే కార్టూన్‌ను తొమ్మిది నిమిషాలు చూసిన నాలుగేళ్ళ పిల్లలు, బొమ్మలు గీసుకున్న పిల్లల కంటే ఆ వెంటనే ఇచ్చిన పనుల్లో నిగ్రహంలోనూ ఏకాగ్రతలోనూ వెనకబడ్డారు. ఇది అప్పటికప్పుడు కనిపించిన ప్రభావం మాత్రమే, శాశ్వతమని ఆ ప్రయోగం చెప్పలేదు. టీవీ చూసిన ప్రతి పిల్లా మొండిదవుతుందని ఈ సభా చెప్పడం లేదు. పేదరికం, ఇంట్లో గొడవలు, నిద్రలేమి, బడిలో దెబ్బలు ఇవన్నీ పిల్లల నడవడిని మలుస్తాయి. వాటిలో టీవీ ఒకటి. పెద్దల చేతిలో ఉన్న రిమోట్‌తో మార్చగలిగినది కావడం వల్లనే దాని గురించి ఇంతగా మాట్లాడవలసి వచ్చింది.

పాత అనుభవాలు రెండింటిని సభ గుర్తుచేసుకుంది. 1997లో దూరదర్శన్‌లో ‘శక్తిమాన్’ మొదలయ్యాక, తమని కాపాడటానికి ఆ వీరుడు వస్తాడని నమ్మి పిల్లలు ప్రమాదకరమైన పనులకు దిగారన్న వార్తలు వచ్చాయి. ఆ పాత్ర వేసిన ముఖేష్ ఖన్నా స్వయంగా తెరమీదికి వచ్చి అలా చేయవద్దని పిల్లలకి చెప్పారు. బాధ్యత తీసుకోవడం అంటే అలా ఉంటుంది. 2008లో ‘షిన్‌చాన్’ కార్టూన్ పిల్లలకి పెద్దల్ని ఎదిరించడం నేర్పుతోందన్న ఫిర్యాదులతో కేంద్రం దాన్ని నిలిపివేయించింది. కొంతకాలానికి అది కత్తిరింపులతో తిరిగి వచ్చింది. ఒక కార్టూన్‌ని ఆపడంతో మన పని అయిపోదని ఆ అనుభవం చెప్పింది. 2008లోనే మొదలైన ‘ఛోటా భీమ్’ను తయారుచేసింది హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థే. దేశమంతటి పిల్లలూ ప్రేమించే పాత్రను మన తెలుగు నేల మీద సృష్టించగలిగారంటే, సమస్య వచ్చిన ప్రతిసారీ లడ్డు తిని పిడికిలి ఎత్తడం కాక వేరే దారి వెతికే కథలు కూడా వాళ్ళు రాయగలరని సభ నమ్ముతున్నది.

చట్టంలో ఉన్నది, ఇంట్లో కనిపించనిది

కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్స్ నియంత్రణ చట్టం 1995 నాటిది. దాని నియమాల్లో ఆరోది కార్యక్రమాల నియమావళి. పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో పిల్లలకి తగని కార్యక్రమాలు ప్రసారం చేయరాదని అందులో స్పష్టంగా ఉంది. పిల్లల కార్యక్రమాల్లో అసభ్యమైన భాష, హింసాత్మక దృశ్యాలు లేకుండా జాగ్రత్తపడాలని ఉంది. ప్రకటనల గురించి చెప్పే ఏడో నియమం, పిల్లల్లో అనారోగ్యకరమైన అలవాట్ల మీద ఆసక్తి కలిగించే ప్రకటనల్ని నిషేధించింది. 2019 జూన్ 18న కేంద్ర సమాచార, ప్రసార శాఖ, డాన్స్ పోటీల్లో పసిపిల్లల చేత పెద్దల పాటలకి వయసుకు తగని అభినయం చేయించడం మానుకోవాలని ప్రైవేటు ఛానళ్ళన్నిటికీ సూచన పంపింది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ జారీచేసిన మార్గదర్శకాల ప్రకారం పిల్లల కార్యక్రమాల మధ్య, పిల్లల ఛానళ్ళలో చిప్స్, కూల్‌డ్రింకుల వంటి చిరుతిళ్ళ ప్రకటనలు వేయకూడదు. ఇన్ని ఉన్నా సభలో కూర్చున్న తల్లిదండ్రుల్లో చాలామందికి వీటిలో ఒక్కటీ తెలియదు. తెలియని హక్కుని ఎవరూ అడగరు.

పిల్లలు ఎక్కువగా చూసే వేళలు ఏవి అన్నది ఆ నియమంలో గడియారం లెక్కన రాసిలేదు. బ్రిటన్‌లో రాత్రి తొమ్మిది లోపు పిల్లలకి తగనివి చూపకూడదన్న హద్దు ఉంది. మన దగ్గర హద్దు పెట్టేటప్పుడు పగటిపూటని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాత్రి వచ్చిన సీరియల్, నేరకథనం మర్నాడు పగలు మళ్ళీ వేస్తున్నారు. సీ షిఫ్ట్ దిగిన తండ్రి పడుకున్న ఇంట్లో పిల్లవాడు టీవీ ముందు ఉండేది సరిగ్గా ఆ వేళకే.

సభ తీర్మానం

పై విషయాలన్నిటినీ దృష్టిలో ఉంచుకుని ఈ సభ ఇలా తీర్మానిస్తున్నది.

పిల్లలకి తగని కార్యక్రమాలు ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు కొత్తగా గానీ, పునఃప్రసారంగా గానీ రాకుండా కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఆరో నియమానికి వేళలు నిర్దేశించాలి. హత్య, అపహరణ, విషప్రయోగం వంటి నేరాలను నటులతో మళ్ళీ చేయించి చూపే కథనాలు ఆ వేళల్లో పూర్తిగా ఆగాలి. ప్రమాదాలు, విపత్తుల వార్తల్లో పడిపోతున్న మనుషుల దృశ్యాలను, ముఖ్యంగా పసిపిల్లలవి, తిప్పి తిప్పి చూపించడం మానుకోవాలని వార్తా ఛానళ్ళను సభ కోరుతున్నది. గ్యాస్ దుర్ఘటన రోజుల్ని చూసిన పట్నంగా ఈ మాట అడిగే హక్కు మనకుందని సభ భావిస్తున్నది.

టీవీ ప్రసారాలపై వచ్చే ఫిర్యాదుల్ని చూడటానికి కేంద్రం 2005లోనే జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు వేయాలని ఆదేశించింది. కలెక్టర్ లేదా పోలీస్ కమిషనర్ అధ్యక్షతన, మహిళా కళాశాల ప్రిన్సిపాల్, బాలల, మహిళల సంక్షేమ సంస్థల ప్రతినిధులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు అందులో ఉండాలి. విశాఖపట్నం జిల్లాలో ఆ కమిటీలో ఎవరెవరున్నారో, ఎప్పుడెప్పుడు సమావేశమైందో, ఏ ఫిర్యాదుల మీద ఏం చేసిందో ప్రజలకు తెలియజేయాలని, ఒక అంగన్‌వాడీ కార్యకర్తను, కార్మికవాడకు చెందిన ఒక తల్లిని ప్రతి సమావేశానికీ ఆహ్వానించాలని కలెక్టర్‌ని సభ కోరుతున్నది. ఫిర్యాదు నేరుగా ఛానల్‌కి పంపే దారి కూడా 2021 సవరణ నియమాలతో వచ్చింది. ఛానల్ ఇరవై నాలుగు గంటల్లో అందినట్టు చెప్పాలి, పదిహేను రోజుల్లో తేల్చాలి. ఆ ఫిర్యాదు తెలుగులో ఎలా రాయాలో ఒక పేజీ నమూనా తయారుచేసి ప్రతి అంగన్‌వాడీ కేంద్రంలో ఉంచే పనిని సభ్యులైన ఉపాధ్యాయులకు సభ అప్పగించింది. చిరుతిళ్ళ ప్రకటనలు పిల్లల ఛానళ్ళలో కనిపిస్తే తేదీ, వేళ రాసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పాలని తల్లిదండ్రుల్ని కోరుతున్నది.

కేబుల్ ఆపరేటర్లు, ప్రభుత్వ సంస్థ అయిన ఏపీ ఫైబర్‌నెట్ సిబ్బంది కొత్త కనెక్షన్ ఇచ్చేటప్పుడు సెట్‌టాప్ బాక్సులో పిల్లలకి తగని ఛానళ్ళకు తాళం ఎలా వేయాలో ఇంటివారికి చేసి చూపించాలి.

ఉక్కు కర్మాగారం, రేవు యాజమాన్యాలను సభ గట్టిగా కోరేది ఒకటి. రాత్రి షిఫ్ట్ దిగినవారి ఇళ్ళల్లోని పసిపిల్లలు ఉదయం ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా ఆడుకోవడానికి, కథలు వినడానికి, ఒక కునుకు తీయడానికి కాలనీల్లోని కమ్యూనిటీ హాళ్ళను తెరిచి, చూసుకోవడానికి మనుషుల్ని ఏర్పాటు చేయాలి. పర్మనెంట్, కాంట్రాక్ట్ అన్న తేడా ఆ గుమ్మం దగ్గర ఉండకూడదు. పసివాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టవద్దని తల్లికి చెప్పేముందు, ఇంకెక్కడ కూర్చోబెట్టాలో చూపించాల్సిన బాధ్యత చెప్పేవారిదే. ఈ తీర్మానం మొత్తంలో దీనికే మొదటి స్థానం ఇవ్వాలని సభలో ఎక్కువమంది కోరారు. ఆ కోరికను ఇక్కడ నమోదు చేస్తున్నాం.

ఆంధ్ర విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్ర విభాగం గాజువాక, మల్కాపురం, హార్బర్ ప్రాంతాల్లో షిఫ్ట్ కుటుంబాల పిల్లలు ఏం చూస్తున్నారు, ఎప్పుడు చూస్తున్నారు, ఎవరి పక్కన కూర్చుని చూస్తున్నారు అన్నదాన్ని అధ్యయనం చేయాలి. ఇప్పటిదాకా మన చేతిలో ఉన్నవన్నీ పరదేశపు పిల్లల లెక్కలే. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వైద్యులు నెలకొకసారైనా ఈ ప్రాంతాల అంగన్‌వాడీలకు వచ్చి తల్లులతో మాట్లాడాలి.

తెలుగు పసిపిల్లల కోసం పెద్దలు కూర్చుని ప్రేమతో కార్యక్రమాలు చేసిన సంప్రదాయం మనకుంది. న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా బాలానందం నడిపారు. వాళ్ళ ముందు మైకు దగ్గర నిలబడింది పిల్లలే. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టీవీ అందించిన ప్రయోగంలో పొద్దుటిపూట ప్రసారం బడిపిల్లలకే కేటాయించారు. దూరదర్శన్ సప్తగిరి, ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం ఆ దారిలో ఆరేళ్ళలోపు పిల్లల కోసం రోజూ అరగంట కార్యక్రమం చేయాలని సభ కోరుతున్నది. అందులో సముద్రం ఉండాలి, రేవు ఉండాలి, సింహాచలం కొండ ఉండాలి, ఉత్తరాంధ్ర పిల్లలు ఇంట్లో మాట్లాడే మాట ఉండాలి.

సభ్యులు తమ ఇళ్ళల్లో పాటించడానికి ఒప్పుకున్నవి కూడా ఈ తీర్మానంలో భాగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన ప్రకారం రెండేళ్ళ లోపు బిడ్డకి తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకి గంటకు మించకూడదు. అన్నం పెట్టేటప్పుడు టీవీ కట్టేస్తాం. మొదటి వారం పిల్లలు ఏడుస్తారు, ముద్ద తక్కువ తింటారు, దానికి సిద్ధపడాలని ఇప్పటికే ప్రయత్నించిన తల్లులు చెప్పారు. ఎవరూ చూడని టీవీ నడవనివ్వం. వార్తలూ ప్లాంట్ మీద చర్చలూ పిల్లలు పడుకున్నాక చూస్తాం. పిల్లలతో కలిసి చూసేటప్పుడు, తెరమీద ఒకరు ఇంకొకరిని కొడితే ‘వాడికి ఎంత నొప్పి పుట్టుంటుంది’ అని పక్కనుంచి అడుగుతాం. సీ షిఫ్ట్ ఇంటి పిల్లల్ని పగలు కొంతసేపు తమ ఇంటికి పిలుచుకుంటామని కూర్మన్నపాలెం, వడ్లపూడి నుంచి వచ్చిన అమ్మమ్మలూ నాన్నమ్మలూ కొందరు ముందుకు వచ్చారు. వీధుల వారీగా వాళ్ళ వంతులు రాసే పనిని అంగన్‌వాడీ కార్యకర్తలు తీసుకున్నారు.

ఇళ్ళల్లో టీవీ పూర్తిగా తీసేయాలన్న సవరణ ఒకటి సభ ముందుకు వచ్చింది. ముసలివారికి, ఒంటరిగా ఉండే ఆడవారికి అదే తోడని పలువురు చెప్పడంతో సభ దాన్ని అంగీకరించలేదు. సవరణ తెచ్చినవారి అభ్యంతరాన్ని వారి కోరిక మేరకు నమోదు చేశాం.

ఈ తీర్మానం ప్రతులను కేంద్ర సమాచార, ప్రసార శాఖకు, రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు, విశాఖపట్నం జిల్లా కలెక్టర్‌కు, పోలీస్ కమిషనర్‌కు, ఉక్కు కర్మాగారం, రేవు యాజమాన్యాలకు, అక్కడి కార్మిక సంఘాలన్నిటికీ, దూరదర్శన్ సప్తగిరికి, ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రానికి, తెలుగు ఛానళ్ళ సంపాదకులకు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పంపాలని సభ నిర్ణయించింది. వచ్చిన జవాబులను వచ్చినట్టే తర్వాతి సభలో చదివి వినిపించాలి. జవాబు ఇవ్వనివారి పేర్లను మినిట్సు పుస్తకంలో రాసి, వారికి మళ్ళీ ఉత్తరం రాయాలి.